జన్యువుకు ఇంటిపేరు తెలియదు

కావలిలో ఒక కల్యాణమండపం పైహాల్లో ఆదివారం సాయంత్రం ఒక క్యాన్సర్ సర్జన్ గారు మాట్లాడిన మాటలివి. ఆమె సొంతూరు ప్రకాశం జిల్లాలో, పని చేసేది చెన్నైలో. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్‌లో రికార్డు చేసింది విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఆమె చెప్పినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఆడవాళ్ళ జబ్బు గురించి మీటింగు గదా, వీళ్ళను దిగబెట్టి అట్టా టీ తాగొద్దామని చూస్తున్నట్టున్నారు. ఈరోజు నేను చెప్పేదాంట్లో సగం మీ గురించే. మాట వరసకు అనడం లేదు, లెక్క ప్రకారం సగం. ఎందుకో చెప్తాను, రండి.

మొదట ఒక ప్రశ్న. మీ ఇంట్లో గానీ దగ్గర చుట్టాల్లో గానీ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. ఒకటి, రెండు. ఇంతమందిలో రెండు చేతులు. సరే, ఇంకో ప్రశ్న. యాభై ఏళ్ళు రాకముందే కామెర్లతో పోయిన ఆడవాళ్ళు మీ ఇళ్ళలో ఉన్నారా? కడుపులో నీళ్ళు చేరి పోయినవాళ్ళు? నడుము నొప్పని మంచం పట్టి ఇంక లేవనివాళ్ళు? ఏదో గడ్డంట, మాకు చెప్పలేదు అంటారే, అట్టా పోయినవాళ్ళు? ఎన్ని చేతులు లేచాయో మీరే చూడండి. దింపండమ్మా, నొప్పి పుడతాయి.

రొమ్ము క్యాన్సర్ ముదిరి లివర్‌లోకి పాకితే కళ్ళు పచ్చబడతాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళకు కనబడేది పచ్చ కళ్ళు, అంటే కామెర్లు. ఎముకల్లోకి పాకితే నడుము నొప్పి. అండాశయం క్యాన్సరయితే కడుపులో నీరు చేరి పొట్ట ఉబ్బుతుంది. చివరికి ఏది కనబడితే దాని పేరే ఆ చావుకు పెడతారు. కామెర్లకు ఇంకా బోలెడు కారణాలున్నాయి, తాగుడుంది, హెపటైటిస్ ఉంది, అందరిదీ క్యాన్సరే అని నేననడం లేదు, ఇంటికెళ్ళి టెన్షన్ పడొద్దు. కానీ నలభై ఏళ్ళ మనిషి, ఆడమనిషి, తాగుడు లేదు ఏమీ లేదు, కామెర్లతో పోయిందంటే ఒక్కసారి ఆగి అడగాలి.

మా మేనత్త సంగతి చెప్తాను. మా నాయన కంటే నాలుగేళ్ళు పెద్దది. 42 ఏళ్ళకు పోయింది, నేనప్పుడు ఆరో తరగతి. ఇంట్లో ఎవర్నడిగినా కామెర్లే అన్నారు. పసరు పోయించారు, ఉప్పు లేకుండా పథ్యం పెట్టారు, అదంతా నాకు గుర్తుంది. నేను మెడిసిన్ చదివి, సర్జరీ చదివి, క్యాన్సర్ వైపు వచ్చి, రోజుకు నలభై మందిని మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా అని అడుగుతూ పదేళ్ళు గడిపాక గానీ మా ఇంట్లో అడగాలని నాకు తోచలేదు, చూడండి. ఒకరోజు మా నాయనకు ఫోన్ చేశాను. కామెర్లేగా అన్నాడు. కళ్ళు పచ్చబడకముందు ఎట్టుండేది నాయనా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎండాకాలంలో కూడా పైట నిండా కప్పుకోనుండేది. ఒకపక్క రవికలో గుడ్డ పెట్టుకునేది. ఆ గుడ్డలు ఎవరూ లేవకముందే దొడ్లో విడిగా ఉతుక్కునేది" అన్నాడు. అంతే. ముప్పై ఏళ్ళుగా ఆ సంగతి ఆయన దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. రొమ్ము మీద పుండు అది. మన పాతవాళ్ళు రాచపుండు అనేవాళ్ళు, మా ఇంట్లో ఆ మాట కూడా ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టినట్టున్నాను, కొంచెం వెనక్కి లాగుతాను. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిని తీసుకుంటే, పుట్టుకతో వచ్చిన ఒక గట్టి జన్యులోపం వల్ల వచ్చేది 5 నుంచి 10 మందికే. మిగతావాళ్ళకు వయసు, హార్మోన్లు, బరువు, పిల్లలు ఎప్పుడు పుట్టారు, ఎన్నాళ్ళు పాలిచ్చారు, తాగుడు, ఇట్టాంటివి చాలా కలుస్తాయి, కొందరికి ఏ కారణమూ దొరకదు. అందుకని మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు రాదులే అనుకోవడం తప్పు. మా ఇంట్లో ఉంది, నాకు వచ్చి తీరుతుంది అనుకోవడమూ తప్పు. 2022 ప్రపంచ లెక్కల్లో మన దేశానికి రాసింది చూస్తే ఆ ఒక్క సంవత్సరంలో కొత్తగా దాదాపు 1,92,000 మందికి వచ్చింది, 98,000 మంది పోయారు. దాంట్లో పదోవంతు తీసుకున్నా ఎంతమందో మీరే లెక్కేయండి. పైగా మన దగ్గర ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే దాదాపు పదేళ్ళు ముందే వస్తుంది. నా ఓపీలో 30, 35 ఏళ్ళవాళ్ళు కూర్చోనుంటారు, చంకలో పిల్లల్నేసుకుని.

సరే, వంశంలో వస్తుంది అంటాం గదా, వచ్చేది ఏంది? క్యాన్సర్ రాదు. బిడ్డ పుట్టేటప్పుడు క్యాన్సర్‌తో పుట్టదు. మరి ఏమొస్తుంది?

నెల్లూరోళ్ళకు చెరువు గురించి నేను చెప్పడమేంది గానీ, చెరువు కట్టనే తీసుకుందాం. వానాకాలంలో కట్ట ఎక్కడో ఒకచోట జారుతుంది, గండి పడుతుంది. దానికి ఇద్దరు కాపలావాళ్ళున్నారనుకోండి. గండి కనబడగానే మట్టి తెచ్చి పూడుస్తారు. ఒకడు మీ అమ్మ ఇంటి నుంచి వచ్చాడు, ఇంకొకడు మీ నాయన ఇంటి నుంచి వచ్చాడు. మన ఒంట్లో కణంకణంలో ఇదే పని జరుగుతుంది. డీఎన్ఏ దారం ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది, అతుక్కుంటూనే ఉంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగిపోతే అది పెద్ద గండి, దాన్ని తప్పు లేకుండా అతికించే పనివాళ్ళలో ముఖ్యమైనవాళ్ళు బ్రాకా1, బ్రాకా2. ఈ జన్యువులు అందరికీ ఉంటాయమ్మా, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఉంటాయి. ఒక్కో జన్యువుకూ రెండేసి కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి, ఆ రెండు కాపీలే నేను చెప్పిన ఇద్దరు కాపలావాళ్ళు. ఆమెకు బ్రాకా ఉందంట అని జనం అంటుంటే నాకు నవ్వొస్తుంది, ఉండాలి గదా, లేకపోతే ఎట్టా? చెడిపోయిన బ్రాకా ఉంది అనాలి.

కొందరికి పుట్టుకతోనే ఇద్దరు కాపలావాళ్ళలో ఒకడు కుంటివాడు వస్తాడు. అమ్మ ఇంటి నుంచి కావచ్చు, నాయన ఇంటి నుంచి కావచ్చు. రెండోవాడు బాగున్నాడు కాబట్టి పని జరిగిపోతుంది, ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు మనకేమీ తెలియదు. ఏదో ఒకరోజు, ఒక్క కణంలో, ఆ రెండోవాడు కూడా పోతాడు. ఇంక ఆ కణంలో గండ్లు పూడ్చేవాడు లేడు. తప్పు మీద తప్పు చేరి చేరి అది క్యాన్సర్ అవుతుంది. మామూలుగా పుట్టినవాళ్ళకు ఒకే కణంలో ఇద్దరూ పోవాలి, అది అరుదు. వీళ్ళకు ఒకడు పోతే చాలు. ఈ రెండు దెబ్బల లెక్క 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అనే డాక్టరు చెప్పాడు, చిన్నపిల్లల కంటి క్యాన్సర్ చూసి. ఇది అర్థమైతే, ఒకే తల్లి కూతుళ్ళు ఇద్దరికీ అదే లోపం ఉన్నా ఒకామెకు 35లో వచ్చి ఇంకొకామె 80 దాకా బతికి సుఖంగా పోవడం ఎట్టా జరుగుతుందో కూడా అర్థమైపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? 1866లోనే పాల్ బ్రోకా అనే ఫ్రెంచి సర్జన్ తన భార్య వైపు కుటుంబం చెట్టు గీసి, తరం తర్వాత తరం ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ వస్తుందని పుస్తకంలో అచ్చు వేశాడు. భార్య పుట్టింటి సంగతి, గమనించండి. మనవాళ్ళయితే దాచేవాళ్ళు. తర్వాత వందేళ్ళకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ నమ్మలేదు, ఇంత సంక్లిష్టమైన జబ్బుకు ఒక్క జన్యువు కారణమేంది అని. అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే ఆమె పట్టు వదలకుండా పదిహేనేళ్ళు తవ్వి, 23 కుటుంబాల రక్తం చూసి, 1990లో 17వ క్రోమోజోమ్ మీద ఫలానా చోట ఉంది అని చూపించింది. 1994లో బ్రాకా1 చేతికి చిక్కింది, 1995లో 13వ క్రోమోజోమ్ మీద బ్రాకా2. అట్టా చిక్కినదాని మీద ఒక కంపెనీ పేటెంటు తీసుకుంది, టెస్టు మేమే చెయ్యాలి అని కూర్చుంది. 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఒంట్లో పుట్టిన జన్యువు ఎవరి సొత్తూ కాదు అని కొట్టేసింది. టెస్టు రేట్లు దిగడానికి అదొక కారణం.

ఇప్పుడు అసలు విషయం, నేను చెన్నై నుంచి రైలెక్కి వచ్చింది దీనికోసమే. ఈ లోపం ఎటునుంచి వస్తుంది? అమ్మ నుంచి వస్తుంది అంటారు. అమ్మకుంటే కూతురికి, అమ్మమ్మకుంటే మనవరాలికి. సగం నిజం. అమ్మకుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నాయనకుంటే? అదే సగానికి సగం. కొడుక్కయినా కూతురికయినా అంతే. నాణెం ఎగరేసినట్టే, ప్రతి కాన్పుకూ కొత్తగా ఎగరేస్తారు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అని లేదు. అందుకే అన్నలను ముందుకొచ్చి కూర్చోమన్నాను.

మా కేస్ షీటులో ఫ్యామిలీ హిస్టరీ అని ఒక గీత ఉంటుంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు దాని ఎదురుగా నిల్ అని రాయడానికి నాకు రెండు సెకన్లు పట్టేది. అమ్మకుందా, లేదు. అక్కకుందా, లేదు. నిల్. అట్టా ఎన్ని వందలు రాశానో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒకసారి ఉదయగిరి వైపు నుంచి ఒకామె వచ్చింది, 36 ఏళ్ళు, భర్త కూడా వచ్చాడు. రిపోర్టులో ట్రిపుల్ నెగెటివ్ అని ఉంది, అంటే మందులకు గురిగా దొరికే మూడు గుర్తులూ లేని క్యాన్సర్. ఆ రకం క్యాన్సర్ చిన్న వయసులో వస్తే బ్రాకా1ను అనుమానించాలి. మీ ఇంట్లో అంటే ఎవరికీ లేదు మేడం అంది. కేస్ షీటు వెనక్కి తిప్పి చెట్టు గీయడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు చతురస్రం, పోయినవాళ్ళ మీద అడ్డగీత, జబ్బు వచ్చినవాళ్ళకు లోపల నలుపు. ఆమె సున్నా నలుపు చేశాను. అమ్మ తెలుపు, అమ్మమ్మ తెలుపు, పిన్నమ్మలు ముగ్గురూ తెలుపు. మీ నాయనకు అక్కచెల్లెళ్ళున్నారా అన్నాను. "ఉన్నారు మేడం, కానీ వాళ్ళు వేరే ఇంటిపేరోళ్ళు గదా" అంది. ఎప్పుడో పెళ్ళిళ్ళయి పోయారు, వాళ్ళు మా వాళ్ళ కింద రారు అని ఆమె లెక్క. పెద్ద మేనత్త ఏమైంది? 45లో గడ్డొచ్చి పోయింది. చిన్న మేనత్త? కడుపులో నీళ్ళు. నాయనమ్మ? "నాయన చిన్నప్పుడే పోయిందంట." ఎట్టా పోయింది? తెలియదు. పెన్నుతో రెండు సున్నాలు నలుపు చేసి, నాయనమ్మ సున్నాలో ప్రశ్న గుర్తు వేసేసరికి, ఆమె భర్త కాగితం తన వైపు తిప్పుకుని, చతురస్రం మీద వేలు పెట్టి, "అయితే మా మామ ద్వారా వచ్చిందా" అన్నాడు. ఆయన చదువుకున్నది ఏడో తరగతి. మా కేస్ షీటు కంటే బాగా అర్థం చేసుకున్నాడు.

మనకు ఇంటిపేరు మగవాళ్ళ వెంట పోతుంది, గోత్రం మగవాళ్ళ వెంట పోతుంది. ఆడపిల్ల పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది, ఇంక ఆమె జబ్బు కూడా అత్తగారింటి లెక్కలోకి పోతుంది. జన్యువుకు ఈ గోల తెలియదు. మీ మేనత్త ఏ ఇంటికి కోడలైనా ఆమె రక్తం మీ నాయన రక్తమే. పెదనాన్న కూతుళ్ళు కూడా చెట్టులో ఉండాలి. ఇంకోటి, మీ నాయనకు అక్కచెల్లెళ్ళే లేరనుకోండి, అందరూ అన్నదమ్ములే, తాతకూ అన్నదమ్ములే. లోపం రెండు తరాలు మగవాళ్ళలో చప్పుడు చెయ్యకుండా నడిచి మీ దగ్గర బయటపడుతుంది. చూసేవాళ్ళకు ఉన్నట్టుండి ఊడిపడినట్టుంటుంది. మగవాళ్ళలో పూర్తిగా చప్పుడు చెయ్యదని కూడా లేదు. బ్రాకా2 లోపం ఉన్న మగవాళ్ళలో 100కు ఏడుగురి దాకా రొమ్ము క్యాన్సర్ వస్తుంది, ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, పాంక్రియాస్‌ది కూడా. మగవాళ్ళకు రొమ్ము క్యాన్సరేంది అని నవ్వొద్దన్నా. నవ్వుకుంటూ ఏడాది ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూశాను.

ముప్పు ఎంత? 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, లోపం ఉన్న దాదాపు పదివేల మంది ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. 80 ఏళ్ళు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ బ్రాకా1 వాళ్ళలో 100కు 72 మందికి, బ్రాకా2 వాళ్ళలో 69 మందికి. అండాశయం క్యాన్సర్ 44 మందికి, 17 మందికి. మన దేశంలో మామూలు ఆడవాళ్ళకు జీవితంలో 28 మందిలో ఒకరికి రొమ్ము క్యాన్సర్ అని చెప్పుకుంటాం, దాంతో పోల్చుకోండి. అయితే ఆ పదివేల మందిలో ఎక్కువమంది తెల్లవాళ్ళు, ఆ అంకెలు మనకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయని నేను చెప్పను. అంకె అటూ ఇటూ అయినా పెద్దదే. బ్రాకా ఒక్కటే కాదు, పాల్బీ2 అని ఒకటుంది, చెక్2, ఏటీఎం, టీపీ53, ఇట్టా ఇంకొన్ని ఉన్నాయి, పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, టెస్టులో అన్నీ కలిపి చూస్తారు.

ఒక చీటీ వచ్చింది. మేనరికం చేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందా? వస్తుందనుకున్నా ఈ ప్రశ్న. లేదమ్మా. దీనికి ఒక్క చెడు కాపీ చాలు, అది మేనరికంలోనైనా బయటి సంబంధంలోనైనా అదే సగానికి సగం. కొన్ని రకాల పుట్టుచెవుడు, తలసేమియా లాంటివాటికి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడు కాపీలు కావాలి, వాటికే మేనరికం మీద అంత భయం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మేనమామను చేసుకున్నామె ఉంది, ఆమెకు అమ్మమ్మే అత్తగారు. ఆ అమ్మమ్మలో బ్రాకా2 లోపం ఉంటే అది కూతురి మీదుగా మనవరాలికీ, నేరుగా కొడుక్కీ, ఇద్దరికీ చేరి ఉండవచ్చు. ఇద్దరి దగ్గరి చెడు కాపీలూ ఒకే బిడ్డకు వస్తే ఫాంకోనీ ఎనీమియా అనే జబ్బుతో పుడుతుంది, చిన్నతనంలోనే రక్తం తయారవడం ఆగిపోయే జబ్బు. చాలా అరుదు. అరుదే గానీ మేనరికాలు ఎక్కువున్నచోట నాలాంటిది చెప్పకుండా పోతే తప్పు.

కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం గురించి కూడా ఒక మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. యూరప్ మూలాలున్న యూదుల్లో 40 మందిలో ఒకరికి బ్రాకా లోపం ఉంటుంది, అదీ మూడే మూడు రకాల లోపాలు. ఎందుకంటే వాళ్ళు వందల ఏళ్ళు వాళ్ళలో వాళ్ళే చేసుకున్నారు, ఎప్పుడో ఒకరిద్దరిలో ఉన్నది అందరికీ పంచుకున్నారు. ఆ మూడింట్లో ఒకటి మన దక్షిణాది కుటుంబాల్లో కూడా కనబడింది. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్ళు అమెరికా వాళ్ళతో కలిసి 2017లో ఒక పని అచ్చు వేశారు. మన ఉపఖండంలో 260కి పైగా సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఈ లోపలి పెళ్ళిళ్ళ గుర్తు యూదుల్లో కంటే గట్టిగా ఉంది. మనకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు నిమిషాల్లో దిగాల్సింది గంటలు పడుతుంది, మత్తు డాక్టర్లకు ఇది బాగా తెలుసు. ఇది ఏ కులానికీ తప్పు కాదు, తక్కువ కాదు. ఒక్కో గుంపులో ఒక్కోటి పోగుపడుతుంది, అంతే. రొమ్ము క్యాన్సర్ విషయంలో మన తెలుగు కుటుంబాల్లో ఏవి పోగుపడ్డాయో తెలియాలంటే మనవాళ్ళు టెస్టులు చేయించుకోవాలి, ఎక్కువమంది.

గట్టి లోపాలు కాకుండా చిన్నచిన్న తేడాలు కూడా ఉన్నాయి. ఒక్కోటి ముప్పును వెంట్రుకవాసి పెంచుతుంది, వందలు కలిస్తే కొంచెం బరువవుతాయి. 2019లో 313 తేడాలు కలిపి ఒక మార్కుల లెక్క తయారు చేశారు. అది యూరప్ ఆడవాళ్ళ మీద కట్టిన లెక్క, మనకు ఎంతవరకు పనికొస్తుందో చూసుకోవాల్సిందే. ఇంటర్నెట్‌లో ఉమ్మి పంపితే రిపోర్టు ఇస్తామనే కిట్లున్నాయే, వాటిలో పేరు మోసిన ఒకటి చాలాకాలం ఆ యూదుల్లో ఉండే మూడు లోపాలే చూసేది. అది ఏమీ లేదు అంటే కావలి ఆడమనిషికి దాని అర్థమేంది? దాదాపు ఏమీ లేదు.

టెస్టు ఎవరు చేయించుకోవాలి? ఇంట్లో జబ్బు వచ్చి బతికున్న మనిషి ఉంటే ముందు ఆమె. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. తల్లికి క్యాన్సర్, తల్లి అట్నే ఉంటుంది, కూతురు పరిగెత్తుకొస్తుంది నాకు చెయ్యండి అని. తల్లిలో ఫలానా లోపం ఉందని తెలిస్తే కూతురిలో అదే వెతకొచ్చు, లేకపోతే నిజంగా లేదనే. తల్లిది తెలియకుండా కూతురికి నెగెటివ్ వస్తే అది సగం జవాబే. నాకే జరిగింది. మా మేనత్త లేదు, మా ఇంట్లో జబ్బు వచ్చి బతికున్నవాళ్ళు ఎవరూ లేరు. నేను చేయించుకున్నాను, నెగెటివ్. మా నాయనలో ఉండి నాకు రాలేదా, మా మేనత్తది అసలు వంశంలోది కాదా, టెస్టుకు అందనిదేమన్నానా? తెలియదు. నాయనా నువ్వు రక్తం ఇస్తే తేలుతుంది అంటే, ఈ వయసులో నాకు సూదులెందుకమ్మా అంటాడు. మా తమ్ముడికి ఇద్దరాడపిల్లలు. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

రక్తం ఇస్తే కొన్ని వారాల్లో రిపోర్టు వస్తుంది. మూడు రకాలుగా రావచ్చు. ఉంది, లేదు, చెప్పలేం. ఈ మూడోదాంతోనే తలనొప్పి. జన్యువు రాతలో ఒక అక్షరం మారింది గానీ అది చెడ్డదో కాదో ఇంకా తేలలేదు అని దాని అర్థం. మనవాళ్ళకు ఇది ఎక్కువ వస్తుంది, పోల్చి చూసే లెక్కలన్నీ తెల్లవాళ్ళవి కాబట్టి. దయచేసి వినండి, చెప్పలేం అని వచ్చిన రిపోర్టు పట్టుకుని రొమ్ము తీయించుకోకండి. ఒకామె తీయించుకుని వచ్చింది నా దగ్గరికి, వేరేచోట. రెండేళ్ళకు ఆ తేడా మామూలుదే అని తేలింది. ఆమెకు ఏం చెప్పాలి? అందుకే టెస్టుకు ముందూ తర్వాతా జెనెటిక్ కౌన్సెలింగ్ తెలిసినవాళ్ళతో మాట్లాడాలి. ల్యాబ్ కుర్రాడు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే అయిపోయేది కాదిది.

ఉంది అని తేలితే? ఏమీ చెయ్యలేనిదానికి తెలుసుకోవడమెందుకు మేడం అంటారు. చెయ్యలేనిదెవరన్నారు? 25 నుంచి ఏడాదికోసారి ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. గడ్డ గోళీకాయంత కాకముందే దొరుకుతుంది. పిల్లల్ని కనడం అయ్యాక అండాశయాలు, వాటి ట్యూబులు తీయించుకోవడం, బ్రాకా1 అయితే 35 నుంచి 40 లోపు, బ్రాకా2 అయితే 40 నుంచి 45 దాకా ఆగొచ్చు. దీన్ని మాత్రం నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే అండాశయం క్యాన్సర్‌ను ముందే పట్టుకునే మంచి టెస్టు ఇప్పటికీ లేదు. రొమ్ములు ముందే తీయించుకోవడం ఇంకో దారి, ముప్పు 100కు 90 పైన తగ్గుతుంది. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో అదే చేసి పేపర్లో రాసింది, వాళ్ళ అమ్మ 56కే పోయింది. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చి అది చెయ్యండి అనేవాళ్ళున్నారు, వాళ్ళలో సగం మందికి టెస్టు కూడా అయ్యుండదు. అది పెద్ద ఆపరేషన్, స్పర్శ పోతుంది, మనసుకు దెబ్బ. చేయించుకోవడమూ మానడమూ ఆ మనిషి ఇష్టం. మొగుడి ఇష్టం కాదు, నా ఇష్టం కూడా కాదు.

జబ్బు వచ్చినవాళ్ళకు కూడా ఈ టెస్టు పనికొస్తుంది. ఇందాకటి చెరువుకే వద్దాం. క్యాన్సర్ కణంలో ఇద్దరు కాపలావాళ్ళూ పోయారు గదా, చిన్నచిన్న ఊటలకు బంకమట్టి అంటించే ఇంకోడి మీద అది బతుకుతుంటుంది. ఆ ఇంకోడిని ఆపే మాత్రలున్నాయి, ఒలాపరిబ్ అని. వాడు ఆగితే ఊట గండి అవుతుంది. మంచి కణంలో కాపలావాడు ఒకడున్నాడు, ఎట్టో పూడ్చుకుంటుంది. క్యాన్సర్ కణంలో ఎవరూ లేరు, కట్ట తెగిపోతుంది. జబ్బు బలహీనతనే జబ్బు మీదికి తిప్పారు. చదువుకునే రోజుల్లో ఇది మొదటిసారి అర్థమైనప్పుడు హాస్టల్లో లేచి నిలబడి పక్కామెను నిద్ర లేపాను నేను.

చివరి చీటీ. "నాకు పాజిటివ్ వచ్చింది. మా పెద్దమ్మాయికి 23, సంబంధం కుదిరింది. చెప్పాలా వద్దా, చెప్తే పెళ్ళి ఆగిపోతుందేమో." పేరు రాయలేదు, మంచి పనే. అమ్మా, ముందు మీ అమ్మాయికి చెప్పండి. పెళ్ళివాళ్ళకు చెప్పాలా వద్దా తర్వాత సంగతి, అది మీ అమ్మాయి ఒళ్ళు, ఆమెకు తెలియాలి. మీ లోపం ఆమెకు రాకుండా ఉండే అవకాశం సగం ఉంది. టెస్టుకు ఇప్పుడే కంగారు లేదు, చూసుకోవడం మొదలుపెట్టేది 25 నుంచే కాబట్టి రెండేళ్ళ వ్యవధి ఉంది, పెళ్ళి పనుల్లో ఇరికించొద్దు. అబ్బాయికి ఎప్పుడు చెప్పాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఇంక ఆ మగపెళ్ళివారు, వాళ్ళ మేనత్తలు ఎట్టా పోయారో వాళ్ళనెవరన్నా అడిగారా? వాళ్ళ చెట్టు కూడా గీయించండి. హాలువాళ్ళు తాళం వెయ్యాలని చేతులు ఊపుతున్నారు. నేను కింద టీ దగ్గర ఉంటాను, ఎనిమిదింటి రైలు దాకా. ఆ చీటీ రాసినామె వస్తే విడిగా మాట్లాడదాం, కాగితం, పెన్ను నా దగ్గరున్నాయి.